అమ్మమ్మ భోషాణంలో మూడు రూపాయలు: ఏ గ్రేడు అనుకోవాలి?

ప్రశ్న (అమలాపురం): అందరికీ నమస్కారమండి. అమ్మమ్మగారి భోషాణం సర్దుతుంటే గుడ్డమూటలో మూడు వెండి రూపాయలు దొరికాయి. రెండు విక్టోరియావి, రెంటి మీదా 1862 అని ఉంది. ఒకటి ఐదో జార్జిది, 1919. నల్లగా ఉన్నాయి. కొంటామన్నవాళ్ళు ఏ గ్రేడు అని అడుగుతున్నారు. చింతపండుతో తోమి ఫొటోలు పెట్టమంటారా?

జవాబు (పాలకొల్లు): తోమకండి, దయచేసి. చింతపండు, విబూది, పళ్ళపొడి ఏదీ వద్దు. ఆ నలుపు గాలికి వెండి మీద పట్టే పొర, లోపం కాదు. తోమితే పడే సన్నగీతలు ఇక పోవు, దీపం కింద తిప్పగానే తెలిసిపోతాయి. మా నాన్నగారు దాచిన ఒక రూపాయిని చిన్నతనంలో పీచు పెట్టి తోమేశాను. ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

గ్రేడంటే ప్రధానంగా ఎంత అరిగిందన్న లెక్కేనండి. ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది. విక్టోరియా బొమ్మలో చెంప, నుదుటి పైన జుట్టు, కిరీటం, రవిక మీది పూలపని చూడండి. జుట్టు పాయలు విడివిడిగా ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్ దాకా ఆశపడొచ్చు. పాయలు అక్కడక్కడ కలిసినా పూలపని చాలావరకు తెలుస్తుంటే వెరీ ఫైన్. జుట్టు ముద్దైపోతే ఫైన్. ముఖం ఆకారం మాత్రమే మిగిలితే గుడ్. పేరు గుడ్డే గానీ నాణేల వాళ్ళ లెక్కలో అది బాగా అరిగినది.

జార్జికి కిరీటం, చెవి, మీసం, ఆపైన దుస్తుల మీది చిన్న ఏనుగు. 1911లో వేసినవాటి మీద ఆ ఏనుగు పందిలా ఉందని గొడవైంది. ఆ నాణేలు వెనక్కి తీసుకుని, తర్వాత తొండం స్పష్టంగా చెక్కారు. మీది 1919 కాబట్టి తొండం ఎంత తెలుస్తోందో చూడండి.

అరుగుదల వేరు, దెబ్బ వేరు. మన వైపు రూపాయికి కొక్కెం వేయించి పిల్లల మెడలో కట్టేవారు కదా. రాజు తల పైన అంచులో టంకం మచ్చ గానీ ఆకురాయి గీత గానీ ఉంటే, బొమ్మ ఎంత బాగున్నా ఆ సంగతి చెప్పే అమ్మాలి. కంసాలిగారి దగ్గర తూకం కూడా వేయించండి. కొత్తలో 11.66 గ్రాములు, సరిగ్గా పాత తులం.

ప్రశ్న అడిగినవారు: తూచామండి. జార్జి 11.58, ఒక విక్టోరియా 11.49, రెండోది 10.1! రెండోదాని మీదే జుట్టు బాగా కనిపిస్తోంది. 1862 కదా, అరుదైనదేమో అనుకున్నాం.

జవాబు (పాలకొల్లు): 1862 అరుదు కాదండి. ఆ సంవత్సరం అంకెతోనే 1874 దాకా ముద్రించారు. జుట్టు కనిపించేంత తక్కువ అరిగిన నాణెం గ్రామున్నర తగ్గదు. త్రాసు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారానికి కట్టి, అడుగు తగలకుండా ముంచండి. అసలు రూపాయికి 1.13 దగ్గర చూపాలి. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే 10.3 రావాలి, అది రూపాయి వెండి సాంద్రత.

ప్రశ్న అడిగినవారు: 1.15 చూపించిందండి. భాగిస్తే 8.8 దగ్గర వస్తోంది.

జవాబు (రాజోలు): అయితే అది వెండి రూపాయి కాదమ్మా. అంచు గీతలు తడిమి చూడండి. అసలుదాని మీద పదునుగా, సమానంగా ఉంటాయి. పోతపోసినదాని మీద మెత్తగా, చుట్టూ అతుకు గీతతో ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు: అతుకు ఉందండి. పాపం, అమ్మమ్మకి ఎవరిచ్చారో.

జవాబు (పాలకొల్లు): దాన్ని విడిగా పెట్టి, మీద 'నకలు' అని చీటీ రాసి ఉంచండి. మిగతా రెండూ మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, మన తేమకి ఆకుపచ్చ జిగురు పడుతుంది. ఒక్కోదాన్ని విడిగా పొడి కాగితం కవర్లో ఉంచి, అంచు పట్టుకుని ఫొటో తీసి పెట్టండి. గ్రేడు అప్పుడు చెబుతాను.