అప్‌డేట్: పుప్పొడి పైగోడ కట్టేది ఎవరు?

పుప్పొడి రేణువు పైగోడను, అంటే ఎక్సైన్‌ను, రేణువే కట్టుకుంటుందా, పుప్పొడి తయారయ్యే పరాగకోశం కడుతుందా అని అడిగాను కదా. ఇద్దరూ కడతారట. ఒకే తల్లికణం నుంచి పుట్టి, పుప్పొడి రేణువులుగా మారబోయే నాలుగు సూక్ష్మసిద్ధబీజాలూ కాలోజ్ అనే చక్కెర పదార్థపు పొరలో ఉండగానే, ప్రతిదీ ప్రైమెక్సైన్ అనే తొలి పొరతో తన గోడకు ముగ్గు పోసుకుంటుంది. తర్వాత టపెటమ్ (పరాగకోశం లోపలి పోషక పొర) వదిలే ఎంజైమ్ కాలోజ్‌ను కరిగిస్తుంది. ఎక్సైన్‌కు గట్టిదనమిచ్చే స్పోరోపొలెనిన్ సరుకు కూడా చాలావరకు టపెటమ్‌దే. లోపలి గోడ, అంటే ఇంటైన్ మాత్రం రేణువు సొంత పని.

నాకు బాగా నచ్చింది వేరే సంగతి: కాలోజ్ వేళకు ముందే కరిగితే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. కొన్ని మగ వంధ్య (పనికొచ్చే పుప్పొడి లేని) మొక్కల్లో జరిగేది ఇదే!

హనుమకొండలో మా ల్యాబ్‌లో పత్తి పుప్పొడి చూశాం, ఎక్సైన్ ముళ్లు భలే కనిపించాయి. వైవా టెన్షన్ సగం తగ్గింది. ఎసిటోలిసిస్‌కు (యాసిడ్లతో మిగతాదంతా కరిగించి ఎక్సైన్‌ను మిగిల్చే పద్ధతికి) మేడమ్ ఇంకా ఒప్పుకోలేదు. ఆ యాసిడ్లు చూస్తే ఆమె భయం న్యాయమే.