రూ.2,80,428 క్యాన్సర్ మందు కంపల్సరీ లైసెన్సుతో రూ.8,880కి వచ్చింది. 2012 తర్వాత ఆ లైసెన్సు మళ్ళీ ఎందుకు ఇవ్వలేదు?

పాశమైలారం కెమిస్ట్:

ఇండియా, బ్రిటన్ 2025 జులై 24న సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందంలో మేధోసంపత్తి అధ్యాయం ఎవరైనా చదివారా? మందులు జనానికి అందాలంటే వాలంటరీ లైసెన్సులే అన్నిటికంటే మేలైన దారి అని రెండు ప్రభుత్వాలూ అందులో ఒప్పుకున్నాయి. వాలంటరీ అంటే పేటెంటు ఉన్న కంపెనీ తనకు ఇష్టమైతే, తనకు నచ్చినవాళ్ళకి, తను పెట్టిన షరతుల మీద ఇచ్చే అనుమతి. విస్కీ మీద సుంకం ఎంత తగ్గింది, కార్ల మీద ఎంత తగ్గింది అని టీవీల్లో బోలెడు లెక్కలు విన్నాను. ఈ వాక్యం గురించి మాత్రం నేను చూసినంతలో ఎవరూ మాట్లాడలేదు.

నాకు ఎందుకు పట్టిందంటే మా పెదనాన్న వల్ల. నల్గొండ జిల్లాలో పత్తి రైతు. 2013లో లివర్ క్యాన్సర్ అన్నారు, అప్పటికే ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. డాక్టరు సోరాఫెనిబ్ రాశారు. పొద్దున రెండు, రాత్రి రెండు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. నెలకి 120 బిళ్ళలు, 8,880 రూపాయలు. రెండేళ్ళు ముందు ఆ జబ్బు వచ్చుంటే అదే మందు బేయర్ కంపెనీ ధర నెలకి 2,80,428. ఉన్న మూడెకరాలు అమ్మినా నాలుగైదు నెలలకి మించి వచ్చేది కాదు. ఆ మందుకి అరికాళ్ళు పొక్కి తోలు లేచిపోయింది. చెప్పులు వేసుకోలేక, గట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని చేను చూసుకునేవాడు. తొమ్మిది నెలలు ఉన్నాడు. ఆ మందు ఎవరికీ ఏళ్ళకేళ్ళు ఇవ్వదు, కొన్ని నెలలు ఇస్తుంది. మాకు ఆ నెలలు భూమి పోకుండా దొరికాయి.

ఆ ధర ఎవరి దయ వల్లా రాలేదు. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకి కంపల్సరీ లైసెన్సు ఇచ్చారు. పేటెంటు ఇచ్చి మూడేళ్ళు దాటాక కూడా మందు కావలసినంత మందికి అందకపోతే, కొనగలిగే ధరలో లేకపోతే, ఇంకొకరికి తయారుచేసే హక్కు ఇవ్వొచ్చని చట్టంలో సెక్షన్ 84 ఉంది. బేయర్‌కి నాట్కో అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ ఇమ్మన్నారు, తర్వాత దాన్ని 7 చేశారు. 2014లో బాంబే హైకోర్టు ఆ లైసెన్సును నిలబెట్టింది, సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు.

అదే మొదటిది. అదే చివరిది కూడా. పదమూడేళ్ళు దాటినా రెండోది రాలేదు. ఇప్పుడు ఒప్పందాల్లో ఆ దారి కంటే ఈ దారి మేలు అని సంతకాలు పెడుతున్నాం. నేను రోజూ రియాక్టర్ల మధ్య పనిచేసేవాణ్ణి. చాలా మందుల ధర ఫ్యాక్టరీలో తేలదు, కాగితం మీద తేలుతుంది. ఆ కాగితం మీద ప్రభుత్వానికి ఉన్న హక్కుని వాడకుండా వదిలేయడం తప్పు అంటాను. మీరేమంటారు?

జీనోమ్ వ్యాలీ:

మీ పెదనాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. అయినా ఒప్పుకోలేను. నేను పదిహేనేళ్ళుగా ఫార్మా ఆర్ అండ్ డీలో ఉన్నాను.

లైసెన్సు హక్కు ఇస్తుంది, తయారీ విద్య ఇవ్వదు. సోరాఫెనిబ్ అంటే బిళ్ళ, దాన్ని చేయడం మన కెమిస్టులకి కష్టం కాలేదు. బ్రెజిల్ చూడండి. 2007లో ఎయిడ్స్ మందు ఎఫావిరెంజ్ మీద కంపల్సరీ లైసెన్సు ఇచ్చింది. సొంత ఫ్యాక్టరీలో బిళ్ళ చేసుకునేసరికి 2009 వచ్చింది, అప్పటిదాకా ఇండియా నుంచే తెప్పించుకుంది. అది మామూలు బిళ్ళ. ఇప్పుడు వస్తున్నవి బయోలాజిక్‌లు, అంటే జీవకణాల్లో తయారుచేసే మందులు, ఆరు నెలలు ఒంట్లో నిలిచే ఇంజెక్షన్లు. కంపెనీ దగ్గరుండి నేర్పకపోతే చేతికి రావడం కష్టం.

రెండోది, ఎదురుదెబ్బ ఉంటుంది. అదే 2007లో థాయ్‌లాండ్ కంపల్సరీ లైసెన్సు ఇస్తే అబాట్ కంపెనీ తన కొత్త మందుల రిజిస్ట్రేషన్ దరఖాస్తులు అక్కడ వెనక్కి తీసేసుకుంది. రోగులే నష్టపోయారు.

లెనకపవిర్ సంగతి చూడండి. హెచ్‌ఐవీ రాకుండా ఏడాదికి రెండుసార్లు వేసే ఇంజెక్షన్. దాన్ని తెచ్చిన అమెరికా కంపెనీ గిలియడ్ 2024 అక్టోబరులోనే ఆరు జనరిక్ కంపెనీలకి 120 దేశాల కోసం లైసెన్సు ఇచ్చింది. అందులో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ మన హైదరాబాద్‌వే. నివారణ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 2025 జూన్‌లో. అంటే అక్కడ అనుమతి రాకముందే ఇక్కడ లైసెన్సు వచ్చేసింది. సెప్టెంబరు 24న ఈ రెండు కంపెనీలూ 2027 నుంచి మనిషికి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని ప్రకటించాయి. ఒక్క కోర్టు మెట్టు ఎక్కలేదు. పాత ఎయిడ్స్ మందులు గుర్తున్నాయా? ఏడాదికి పదివేల డాలర్లు దాటిన కాంబినేషన్‌ని సిప్లా 350 డాలర్లకి ఇస్తానన్నది 2001లో. అప్పటికి ఆఫ్రికాలో ఎంతమంది పోయారు!

న్యూజెర్సీ నుంచి:

అదే లెనకపవిర్ ఇక్కడ ప్రకటించిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళ పరిస్థితి చెప్పక్కర్లేదు. 40 డాలర్లకి చేయగలిగిన దాని మీద ఈ ధర పెట్టారంటే, పెదనాన్నగారి బిళ్ళలకీ దీనికీ తేడా నాకేం కనబడలేదు.

కాకినాడ కౌన్సిలర్:

నేను హెచ్‌ఐవీ కౌన్సిలింగ్‌లో పన్నెండేళ్ళు చేశానండి. ఆ ఇంజెక్షన్ ఎంత పెద్ద విషయమో ముందు చెప్పనివ్వండి.

రోజూ బిళ్ళ వేసుకోమంటే ఆడవాళ్ళకి అదొక గండం. డబ్బా ఎక్కడ దాస్తారు? ఒకావిడ బియ్యం డబ్బాలో అడుగున పెట్టేది. అత్తగారు కొలిచి పోస్తుంటే పైకి తేలింది. "ఈ బిళ్ళలు ఎందుకు, నీకేం రోగం" అని వీధంతా వినబడేలా అడిగారు. ఆవిడకి రోగమేమీ లేదు, రాకుండా వేసుకుంటోంది. మళ్ళీ మా దగ్గరికి రాలేదు. ఆరు నెలలకోసారి పొట్ట మీద చర్మం కింద వేసే సూదికి డబ్బా ఉండదు, అత్తగారికి దొరకదు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది తీసుకున్న 2,134 మంది ఆడపిల్లల్లో, ఫలితాలు లెక్కగట్టేసరికి ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. నేను ఆ అంకెని రెండు మూడుసార్లు చదువుకున్నాను.

ఇక జీనోమ్ వ్యాలీ గారిని ఒకటి అడుగుతాను. ఆ 120 దేశాల జాబితా ఎవరు రాశారండి? ప్రపంచ ఆరోగ్య సంస్థా? ఐక్యరాజ్య సమితా? కంపెనీ రాసుకుంది. బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ అందులో లేవు. ఆ సూదిని మనుషుల మీద పరీక్షించిన రెండో ట్రయల్ ఆ నాలుగు దేశాల్లో కూడా జరిగింది. ఒంటి మీద సూది పొడిపించుకుని ఆ మందు పనిచేస్తుందని రుజువు చేసినవాళ్ళలో అక్కడి జనం ఉన్నారు. మందు తయారయ్యాక మీ దేశం మధ్యతరగతి ఆదాయం దేశం, జాబితాలో పడదు అన్నారు. ఇంటికి పునాది తవ్వించుకుని గృహప్రవేశానికి పిలవకపోవడమే కదా ఇది.

స్వచ్ఛందం అంటే నాకు భయం అందుకేనండి. ఇచ్చినవాళ్ళు ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్తారు. ఇచ్చే చెయ్యి ఎప్పుడైనా ముడుచుకోవచ్చు కూడా. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయం ఒక్క సంతకంతో ఆపేస్తే ఆఫ్రికాలో క్లినిక్కులు మూతపడ్డాయి. 40 డాలర్లయినా కొనిపెట్టేవాళ్ళు ఉండాలి కదండి.

ఒక అమ్మ:

ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు. మా బాబుకి ఏడేళ్ళు, ఎస్‌ఎంఏ. కండరాలు రోజురోజుకీ చచ్చుబడే జబ్బు. రిస్‌డిప్లామ్ అనే సిరప్ రాశారు. సిరంజితో కొలిచి రోజూ 6.6 ఎంఎల్ నోట్లో పొయ్యాలి, ఒక్కరోజు తప్పకూడదు.

సీసా దాదాపు 6 లక్షల 20 వేలు ఉండేది. 20 కిలోలు దాటిన పిల్లవాడికి 12 రోజులకి ఒక సీసా, ఏడాదికి ముప్పై. అరుదైన జబ్బుల పాలసీ కింద కేంద్రం ఇచ్చేది గరిష్ఠంగా 50 లక్షలు. నేను లెక్క వేసుకున్నాను, ఎనిమిది సీసాలు. మూడు నెలల మందు. మూడు నెలలు పోసి తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

నాట్కో అదే మందు చేసింది. రోష్ కంపెనీ కోర్టుకి వెళ్ళింది. 2025 మార్చి 24న ఢిల్లీ హైకోర్టు నాట్కోని ఆపడానికి ఒప్పుకోలేదు. సంతోషపడ్డాను. మళ్ళీ అప్పీలు. అక్టోబరు 9న అది కొట్టేశారు. మళ్ళీ సుప్రీంకోర్టు. 17న అక్కడా కొట్టేశారు. ఇప్పుడు సీసా 15,900.

మార్చిలో మావాడు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తుకునేవాడు. అక్టోబరు నాటికి నేను మోచెయ్యి కింద చెయ్యి పెడితే గాని ఎత్తలేకపోయాడు. పోయిన బలం ఆ మందుతో తిరిగి వస్తుందన్న హామీ లేదు, ఉన్నది నిలబెట్టడమే దాని పని అన్నారు డాక్టరు. ఆ ఏడు నెలలు ఎవరిస్తారు?

కంపల్సరీయా, వాలంటరీయా నాకు తెలియదు. తయారుచేసేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, ప్రభుత్వం ఉంది, చట్టం ఉంది. అయినా ఒక కంపెనీ ఇంకో కంపెనీతో కోర్టులో తేల్చుకునేదాకా నా కొడుకు ఎందుకు ఆగాలి?

జీనోమ్ వ్యాలీ:

అమ్మా, మీకు జవాబు చెప్పే అర్హత నాకు లేదు. వాదన కోసం కాదు, తెలియాలని ఒకటి మాత్రం చెప్తాను. మీ కేసులో నాట్కో గెలిచింది కంపల్సరీ లైసెన్సుతో కాదు. పాత పేటెంటు తెలిసినవాళ్ళకి ఈ మందు తేలిగ్గా తట్టేదే కాబట్టి కొత్త పేటెంటు నిలబడేలా లేదని కోర్టుకి ప్రాథమికంగా అనిపించింది. టీబీ మందు బెడాక్విలిన్ పేటెంటును పొడిగించబోతే 2023 మార్చిలో మన పేటెంట్ ఆఫీసే తిరస్కరించింది. టీబీ నుంచి బయటపడిన ఇద్దరు స్త్రీలు, నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, అడ్డుకున్నారు. అంటే చెడ్డ పేటెంటును పడగొట్టే దారులు పనిచేస్తున్నాయి. మంచి పేటెంటును కూడా బలవంతంగా తెరిస్తేనే నాకు అభ్యంతరం. పేటెంట్లకి సరైన రక్షణ లేదనుకున్న దేశాల మీద వేసే స్పెషల్ 301 నివేదికలో అమెరికా ప్రతి ఏడాదీ మనల్ని నిఘా జాబితాలో పెడుతోంది, ఒక్క లైసెన్సుకి మన మందుల మీద సుంకంతో బదులిస్తే మీ నా ఫ్యాక్టరీలే మూతపడతాయి.

పాశమైలారం కెమిస్ట్:

జీనోమ్ వ్యాలీ అన్నా, తయారీ విద్య విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. లెనకపవిర్ లాంటి సూదికి కంపెనీ నేర్పాల్సిందే. కానీ కంపెనీ ఎప్పుడు నేర్పుతుందో కూడా చూద్దాం.

నాట్కో కోవిడ్ చికిత్సలో వాడే బారిసిటినిబ్ కోసం కంపల్సరీ లైసెన్సు అడిగింది. 2021 మే నెల, ఆక్సిజన్ కోసం మనుషులు రోడ్ల మీద తిరుగుతున్నారు. అప్పుడు ఆ మందు అమ్మే అమెరికా కంపెనీ ఎలై లిల్లీ వరసగా మన కంపెనీలకి వాలంటరీ లైసెన్సులు ఇచ్చింది, నాట్కోకి కూడా. నాట్కో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఆ దరఖాస్తు బల్ల మీద లేకుంటే అంత తొందరగా తలుపు తెరుచుకునేదని నేను నమ్మను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాలంటరీ లైసెన్సుకి బలం వెనకాల ఉన్న కంపల్సరీ లైసెన్సే. వెనక ఏమీ లేదని ఒప్పందంలో మనమే రాసిస్తే ముందున్నదానికీ విలువ పోతుంది.

మళ్ళీ అడిగినవాళ్ళు లేకపోలేదు. క్యాన్సర్ మందు డాసాటినిబ్ కోసం 2013లో బీడీఆర్ కంపెనీ అడిగితే కొట్టేశారు. షుగరు మందు సాక్సాగ్లిప్టిన్ కోసం మన లీ ఫార్మా అడిగితే 2016 జనవరిలో అవసరం రుజువు కాలేదని తోసిపుచ్చారు. సెక్షన్ 84లో భారం ఎప్పుడూ అడిగే కంపెనీ మీదే. లాభం లేని అరుదైన జబ్బుకి ఏ కంపెనీ ఆ భారం మోస్తుంది?

సెక్షన్ 92 వేరు. అక్కడ మూడేళ్ళ గడువు లేదు. ఫలానా మందు అత్యవసరం అని, లేదా ప్రజల కోసం వ్యాపారేతర వాడకం అని కేంద్రమే గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. సెక్షన్ 100 ప్రకారం ప్రభుత్వం తన అవసరానికి తనే చేయించుకోవచ్చు. కోవిడ్ అంతటిదానికి కూడా ఆ రెండింటినీ వాడలేదు. 2020 అక్టోబరు 2న పేటెంట్లు పక్కన పెట్టండి అని దక్షిణాఫ్రికాతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో అడిగింది మన దేశమే. అక్కడ గట్టిగా అడిగి, ఇంట్లో ఉన్న తాళంచెవి ముట్టుకోలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒక అమ్మ:

ఆ 92, 100 గురించి నేను ఎవరికి రాయాలి బాబూ? 15,900 అయినా ఏడాదికి 4 లక్షల 77 వేలు. మా ఆయన ఆటో నడుపుతారు.

పాశమైలారం కెమిస్ట్:

అక్కా, పేటెంట్ చట్టం చూసేది వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ. 50 లక్షల పాలసీ ఆరోగ్య శాఖది. రెండింటికీ ఒకే ఉత్తరం పంపాలి, ఒక కాపీ మీ ఎంపీకి. కొత్త ధరకి మీ బాబు మందు ఆ 50 లక్షల్లో పదేళ్ళు వస్తుంది కాబట్టి ముందు పాలసీ కింద దరఖాస్తు పెట్టండి. హైదరాబాద్‌లో నిమ్స్ అరుదైన జబ్బుల కేంద్రాల్లో ఒకటి, అక్కడ నమోదు చేయించారా? ఉత్తరం ముసాయిదా ఆదివారం లోపు నేను రాసి ఇక్కడే పెడతాను. జీనోమ్ వ్యాలీ అన్నా, పేటెంటు భాగంలో తప్పులుంటే దిద్ది పెట్టండి.

జీనోమ్ వ్యాలీ:

పెట్టండి, దిద్దుతాను. సెక్షన్ 100 భాగం నేనే రాస్తాను.