ఆపదలో ఉన్నవారిని కాపాడే హెలికాప్టర్ పైలట్లకు అన్నింటికంటే కష్టమైన పని ఏది?

ప్రశ్న: వరదలో చిక్కుకున్నవారిని తాడుతో పైకి లాగుతున్నంతసేపూ హెలికాప్టర్‌ను గాలిలో నిలిపి ఉంచడంలో అసలు కష్టం ఎక్కడుంది?

జవాబు: తాడుకు వేలాడుతున్న మనిషి పైలట్‌కు కనిపించడు. తలుపు దగ్గర వించ్ (తాడును దించి, లాగే యంత్రం) నడిపే సహచరుడు "ముందుకు రెండు మీటర్లు, ఆపండి" అని చెబుతుంటే, ఆ మాటనే నమ్ముకుని, చేతులూ కాళ్లూ ఏకకాలంలో స్వల్పంగా కదిలిస్తూ, ఈదురుగాలిలోనూ యంత్రాన్ని ఒక్కచోటనే నిలపాలి. నా దృష్టిలో ఇంతకు మించిన నైపుణ్యం లేదు.

మరో జవాబు: వేడి, ఎత్తు కూడా పరీక్షిస్తాయి. వాటివల్ల గాలి పలచబడితే రోటర్‌కు (పైన తిరిగే రెక్కలకు) పట్టు, ఇంజిన్‌కు శక్తి రెండూ తగ్గుతాయి. ఇలాంటి పరిస్థితుల్లోనే 1944లో బర్మాలో అమెరికా సైనిక పైలట్ కార్టర్ హార్మన్ తన సికోర్‌స్కీ హెలికాప్టర్‌లో, చిక్కుకుపోయిన నలుగురిని ఒక్కొక్కరిగానే తరలించవలసి వచ్చింది.

మూడో జవాబు: ఎడారిలో రోటర్ లేపిన ధూళికి నేల కనుమరుగైనప్పుడు, దిగడమా, తిరిగి పైకి లేవడమా అన్నది సైనిక పైలట్ క్షణాల్లో తేల్చుకోవాలి.