సొంత ఇల్లు ఆర్థిక అంతరాలను తగ్గిస్తుందా, పెంచుతుందా?

చర్చ మొదలుపెట్టినవారు:
అందరికీ సొంత ఇల్లు సమకూరితే తరతరాల అంతరం దానంతట అదే తగ్గుతుందని నమ్మేవాణ్ణి. ఇప్పుడా నమ్మకం సడలింది. నూరు పాళ్ల విలువైన ఇంటికి చేతి డబ్బు 20, అప్పు 80 అనుకోండి. ధర పది శాతం పెరిగితే ఇల్లు 110 అవుతుంది, అప్పు మాత్రం పెరగదు. యజమాని సొత్తు 20 నుంచి 30కి చేరుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు! పక్క వాటాలో అద్దెకున్నవారికి మిగిలేది అద్దె పెంచుతారేమోనన్న దిగులే. మరి ఆ మొదటి 20 ఎవరి దగ్గర ఉంటుంది? చాలావరకు, అమ్మానాన్నలకు ముందే ఇల్లున్న పిల్లల దగ్గర.

జవాబు 1:
మీరు సగం లెక్కే చెప్పారండీ. ధర పది శాతం పడితే ఆ 20 కాస్తా 10 అవుతుంది. అయినా నేను సొంత ఇంటి పక్షమే. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే మొదటి నెల వాయిదాలో అసలుకు జమయ్యేది ఆరో వంతే. చివరి ఏడాదికి వచ్చేసరికి దాదాపు అంతా అసలుకే పోతుంది. జీతం మీద బతికే కుటుంబాన్ని ఇన్నేళ్లు విడవకుండా పొదుపు చేయించేది ఇంకేముంది? జర్మనీలో సుమారు సగం కుటుంబాలవి అద్దె ఇళ్లే. యూరోపియన్ కేంద్ర బ్యాంకు 2013లో వెల్లడించిన సర్వేలో అక్కడి మధ్యస్థ కుటుంబం (ఆస్తి వరుసలో సరిగ్గా నడిమధ్య నిలిచేది) నికర ఆస్తి, అంటే అప్పులు పోగా మిగిలేది, స్పెయిన్, ఇటలీ కుటుంబాల ఆస్తి కంటే తక్కువని తేలింది.

చర్చ మొదలుపెట్టినవారు:
జర్మనీ ఉదాహరణ బలమైనదే, ఒప్పుకుంటాను. అయితే ఆ సర్వే ప్రభుత్వ పింఛను హక్కును ఆస్తిగా లెక్కించలేదు. అద్దెదారుకు అక్కడ చట్టం అండ కూడా గట్టిదే. నా బాధ ఇంటి గురించి కాదు, గడప దగ్గర ఎవరిని ఆపుతున్నారన్నదాని గురించి. అమెరికాలో 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు పూచీ ఇచ్చేది, నల్లజాతివారి పేటలకు మాత్రం నిరాకరించేది. ఇళ్ల విషయంలో జాతి వివక్షను చట్టం నిషేధించింది 1968లో. ఈలోగా ఒక తరం తెల్లవారు చవకగా ఇళ్లు కొనుక్కున్నారు, వాటి ధరలు పెరిగాయి, పిల్లల చదువులకూ వ్యాపారాలకూ అవే పూచీ అయ్యాయి. కొననివ్వని తరం పిల్లలకు ఏమి మిగిలింది?

జవాబు 2:
ఇద్దరూ ఇల్లు అంటున్నారు, పెరిగేది నేల. గోడలు పాతబడి విలువ కోల్పోతాయి. సంపన్న దేశాల నికర ఆదాయంలో పెట్టుబడి వాటా, అంటే జీతాలకు కాక ఆస్తుల యజమానులకు చేరే భాగం, దీర్ఘకాలంలో పెరగడానికి ప్రధాన కారణం ఇళ్లేనని ఆర్థికవేత్త మాథ్యూ రాన్లీ 2015లో చూపారు. సింగపూర్‌లో ప్రభుత్వమే ఫ్లాట్లు కట్టి 99 ఏళ్ల లీజుకు అమ్ముతుంది. మొదటి చెల్లింపుకు భవిష్యనిధి డబ్బు వాడుకోనిస్తుంది. అక్కడ పదింట తొమ్మిది కుటుంబాలు సొంత ఇంట్లోనే ఉన్నాయి. నేల ప్రభుత్వం చేతిలో ఉండబట్టే అది సాధ్యమైంది.

జవాబు 1:
భవిష్యనిధి సంగతి నాకు నచ్చింది. ఆ మొదటి 20 తండ్రి ఆస్తి నుంచి కాక సొంత జీతం నుంచి వచ్చే దారి అది. లీజు గడువు దగ్గరపడ్డ ఫ్లాటు పిల్లలకు ఏపాటి ఆస్తి అవుతుందో మాత్రం మీరే చెప్పాలి.