పెరాక్సైడ్ కలిస్తే మార్కోవ్నికోవ్ నియమం ఎందుకు తిరగబడుతుంది?

విద్యార్థిని:
హైడ్రోకార్బన్ల పేర్లు, ప్రమేయ సమూహాలు నాకు బాగానే వచ్చాయి గాని, చర్యల దగ్గరకు వచ్చేసరికి తడబడుతున్నాను. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే 2-బ్రోమోప్రొపేన్ వస్తుందని, పెరాక్సైడ్ కూడా ఉంటే 1-బ్రోమోప్రొపేన్ వస్తుందని రెండు వేర్వేరు సూత్రాలుగా కంఠస్థం చేసి, పరీక్షలో తారుమారుగా రాశాను. మీలో ఎవరైనా దీన్ని బట్టీ పట్టకుండా ఎలా నేర్చుకున్నారో చెప్పగలరా?

అధ్యాపకుడు:
నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. ద్విబంధంలో ఎక్కువ హైడ్రోజన్లున్న కార్బన్‌కే హైడ్రోజన్ చేరుతుందనే మార్కోవ్నికోవ్ నియమం తిరగబడిందని అనుకోవడంలోనే చిక్కు ఉంది. ద్విబంధం దగ్గరకు ముందుగా చేరేది ఏదో చూడండి. మామూలుగా ముందు చేరేది ప్రోటాన్. అది చివరి కార్బన్‌తో బంధం ఏర్పరచుకుంటే ధనావేశం మధ్య కార్బన్ మీద నిలుస్తుంది, ఇరువైపులా ఉన్న మిథైల్ సమూహాలు ఆ ఆవేశాన్ని కొంత పంచుకోవడం వల్ల ఈ సెకండరీ కార్బోకాటయాన్ (ధనావేశమున్న కార్బన్‌కు రెండు కార్బన్లు అంటుకున్నది) ప్రైమరీ (ఒక్క కార్బనే అంటుకున్న) దానికన్నా స్థిరంగా ఉంటుంది, ఆ తరువాత బ్రోమైడ్ అయాన్ అక్కడికే వస్తుంది. పెరాక్సైడ్ (ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం సులభంగా తెగే పదార్థం) ఉన్నప్పుడు, అది విడిపోయి హైడ్రోజన్ బ్రోమైడ్ నుంచి బ్రోమిన్ పరమాణువును విడిపిస్తుంది, కాబట్టి ముందు చేరేది ఆ బ్రోమిన్ పరమాణువు. అది కూడా చివరి కార్బన్‌నే పట్టుకుంటుంది, జత లేని ఎలక్ట్రాన్ మధ్య కార్బన్ మీద మిగులుతుంది, హైడ్రోజన్ తరువాత అక్కడ చేరుతుంది. మారింది వరుస మాత్రమే.

ప్రయోగశాలలో పనిచేసేవారు:
దీనికి వెనుక ఉన్న కథ నాకెంతో ఇష్టం. అల్లైల్ బ్రోమైడ్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ఒకసారి 1,2-డైబ్రోమోప్రొపేన్, మరోసారి 1,3-డైబ్రోమోప్రొపేన్ వస్తుంటే, గాలి తగిలి నిల్వ ఉన్న నమూనాలో ఏర్పడిన పెరాక్సైడ్లే అందుకు కారణమని రసాయన శాస్త్రవేత్తలు ఖరాష్, మేయో 1933లో తేల్చారు. పాత సీసా మూత తీసేటప్పుడు నాకు ఇప్పటికీ ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

మరో సభ్యుడు:
ఒక జాగ్రత్త. ఈ ప్రభావం హైడ్రోజన్ బ్రోమైడ్‌తోనే కనిపిస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్‌లో బంధం బలమైనది కావడంతో దాని నుంచి హైడ్రోజన్‌ను లాగే దశ కష్టమవుతుంది. అయోడైడ్ విషయంలో అయోడిన్ పరమాణువు ద్విబంధానికి చేరే దశే ఉష్ణగ్రాహకం (వేడిని పీల్చుకునేది), అందుకే అది సాగదు. నేను మూడింటికీ ఒకే జవాబు రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే 2-మిథైల్‌ప్రొపీన్ తీసుకుని, రెండు ఎలక్ట్రాన్ల కదలికకు పూర్తి బాణం, ఒక్క ఎలక్ట్రాన్ కదలికకు సగం బాణం వేస్తూ రెండు మార్గాలూ గీశాను. మొదటి దానిలో 2-బ్రోమో-2-మిథైల్‌ప్రొపేన్, రెండవ దానిలో 1-బ్రోమో-2-మిథైల్‌ప్రొపేన్ వచ్చాయి. సరేనా?

అధ్యాపకుడు:
రెండూ సరే. ఇప్పుడు 2-బ్యూటీన్‌తో చేసి చూడండి. పెరాక్సైడ్ ఉన్నా లేకపోయినా 2-బ్రోమోబ్యూటేనే ఎందుకు వస్తుందో బాణాలు గీస్తుండగానే మీకు తెలుస్తుంది.