తొంభైల చివర్లో రెజ్లింగ్: మీకు ఏ మ్యాచ్ గొప్పదండీ?

మాది రాజోలు దగ్గరండి. అప్పట్లో రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డులు చొక్కా జేబులో పెట్టుకుని అరుగు మీద ఆడేవోళ్ళం, అండర్‌టేకర్ కార్డు నాదే, చెమటకి అంచులు మెత్తబడిపోయినా ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. నా ఓటు 1998 జూన్‌లో అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్ ఇనుప పంజరంలో కొట్టుకున్న హెల్ ఇన్ ఎ సెల్ మ్యాచ్‌కే. 16 అడుగుల పంజరం మీంచి పడి కూడా మ్యాన్‌కైండ్ మళ్ళీ పైకెక్కాడు చూడండి, అదీ గుండెంటే. మీరేమంటారు?

భీమవరం నుంచి: ఆ దెబ్బలు చూడలేకపోయానండి నేను. కథంటే కేన్‌దే. 1997 అక్టోబర్‌లో వచ్చాడు, తమ్ముడి మీద చెయ్యెత్తనని అండర్‌టేకర్ నెలల తరబడి ఆగాడు, ఆఖరికి ఏటా జరిగే పెద్ద షో రెజిల్‌మేనియా 14లో కొట్టుకున్నారు. తలకిందులుగా పట్టుకుని నేలకేసి కొట్టే టూంబ్‌స్టోన్‌లు మూడు పడితేగానీ కేన్ ఓడలేదు. మా ఇంట్లో అమ్మమ్మ కూడా కూర్చుని చూసేది, "అన్నదమ్ములు అలా కొట్టుకోకూడదురా" అని బాధపడేది.

అమలాపురం నుంచి: ఆయ్, రెండూ బాగున్నాయిగానీ 1997 నవంబర్‌లో కెనడా మాంట్రియల్‌లో జరిగిన మ్యాచ్ మర్చిపోయారేంటండీ! ఛాంపియన్ బ్రెట్ హార్ట్ ఒప్పుకోకుండానే కంపెనీ యజమాని మెక్‌మాన్ గంట కొట్టించి బెల్టు షాన్ మైకేల్స్‌కి ఇప్పించేశాడు, అదీ బ్రెట్ సొంత దేశంలో. కంపెనీ మారుతున్నాడని అంత అన్యాయమా? నాకిప్పటికీ కోపమే.