పైమిద్దె బాత్రూమ్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయి, ప్రెషర్ పంపు పెట్టించాలా?

కనిగిరి అబ్బాయి:
అన్నలూ అక్కలూ, కాస్త సలహా చెప్పండి. మాది కనిగిరి, 2009లో కట్టిన ఇల్లు, కింద అమ్మానాన్న, పైన మేము. డాబా మీద నాలుగడుగుల దిమ్మె, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, అంతా బోరు నీళ్లే. సంక్రాంతి దాకా బాగానే వచ్చాయి, ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గి ఇప్పుడు పైన షవర్ తిప్పితే నీళ్లు గోడవారగా కారుతున్నాయే తప్ప నెత్తిన పడట్లేదు. బకెట్ నిండేలోపు పాపకు స్కూల్ ఆటో వచ్చేస్తోంది. కింద వంటింట్లో మాత్రం పర్వాలేదు. ప్లంబర్ వచ్చి కుళాయి ఒకసారి తిప్పి చూసి, ప్రెషర్ పంపు పెట్టుకోండి, పదిహేను వేలవుతుంది అన్నాడు. నాన్నేమో ఇదంతా ఫ్లోరిన్ నీళ్ల వల్లే అంటాడు. పదిహేను వేలు ఇప్పటికిప్పుడంటే కష్టమే, అయినా పనవుతుందంటే తెస్తాను. తెచ్చి పెట్టాక కూడా ఇట్టాగే ఉంటే ఏం చేయాలన్నదే నా టెన్షన్.

ఒంగోలు మేస్త్రి:
తమ్ముడూ, పంపు కొనకు, ఆగు. సంక్రాంతి దాకా వచ్చిన నీళ్లు ఇప్పుడు రావట్లేదంటే ట్యాంకు కిందికి దిగలేదు కదా, మధ్యలో ఎక్కడో దారి మూసుకుంది. అదెక్కడో తెలుసుకోకుండా పంపు పెడితే దానికి నీళ్లు సరిగా అందవు, మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఇట్టా కాలిపోయినవి నేనే చాలా విప్పాను.

ముందు ఎత్తు లెక్క అర్థం చేసుకో. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ బరువు. మీ పైబాత్రూమ్ స్లాబు పదడుగులు, దాని మీద దిమ్మె నాలుగు, షవర్ ఏడడుగుల దగ్గర ఉందనుకో, మిగిలేది ఏడడుగులే, అంటే రెండు మీటర్ల చిల్లర, కేజీలో అయిదో వంతు. కింద వంటింటికి ఇంకో అంతస్తు ఎత్తు కలుస్తుంది కాబట్టి అరకేజీ పైనే ఉంటుంది. అందుకే లైనులో ఎక్కడ అడ్డం పడినా ముందు బయటపడేది పైబాత్రూమ్‌లోనే.

ఇప్పుడు పది లీటర్ల బకెట్ పెట్టి ఫోనులో టైం చూసుకుంటూ పైన ఒకసారి, కింద ఒకసారి పట్టు. తర్వాత షవర్ గుండు విప్పి, ఉత్త గొట్టం నుంచి ఎంత వస్తుందో చూడు. అప్పుడు బాగా వస్తే రోగం గుండులోనే ఉంది. రాకపోతే డాబా ఎక్కు, ట్యాంకు పక్కనున్న గేట్ వాల్వ్ చూడు. పాతవాటిలో చక్రం తిరుగుతూనే ఉంటుంది గానీ లోపలి బిళ్ళ పైకి లేవదు. మనం తెరిచామనుకుంటాం, అది సగం మూసే ఉంటుంది.

నెల్లూరు నుంచి:
మేస్త్రిగారు చెప్పింది నిజం. మాకు వంటింటి కుళాయి మూతిలో చిన్న జల్లెడ ఉంటుంది, అది ఇసుక, సున్నం పట్టి పూర్తిగా పూడుకుపోయింది. విప్పి ఒక గిన్నెలో పొదలకూరు నిమ్మకాయలు నాలుగు పిండి రాత్రంతా నానబెట్టాను, వేయగానే బుసబుసా నురగ వచ్చింది, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మెరిసిపోయింది. షవర్ గుండుకీ అట్టాగే చేయండి.

నాన్నగారితో ఒక మాట చెప్పండి, కుళాయిలకు పట్టే ఆ తెల్లటిది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని సున్నం. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, కాచినా పోదు. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి, మీ వైపు బోరు నీళ్లయితే పరీక్ష చేయించి తాగండి. పాప ఉంది కదా, అది మాత్రం అశ్రద్ధ చేయొద్దు.

కావలి రిటైర్డ్:
మాకు పంపు పెట్టాకే బాగుపడింది, కాబట్టి అందరికీ వద్దనకండి.

ఒంగోలు మేస్త్రి:
సార్, మీది మొదటి నుంచీ తక్కువగా ఉండి ఉంటుంది, అట్టాంటప్పుడు పంపు న్యాయమే. ఈ తమ్ముడిది ఉన్నది పోయిన కేసు. ఎవరైనా సరే, మున్సిపాలిటీ కుళాయికి నేరుగా మోటారు బిగించకండి. పైపులో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురికి లోపలికి లాగుతుంది, పక్కింటికి చుక్క రాదు.

పొదిలి నుంచి:
గాలి పట్టిందేమో కూడా చూసుకోండి బ్రదర్. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే, పైపు పిట్టగోడ ఎక్కి దిగే చోట గాలి ఇరుక్కుంటుంది, నీళ్లు గుటగుటమని ఆగి ఆగి వస్తాయి. ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి తెరిస్తే చాలాసార్లు పోతుంది. ఎవరో చెప్పారని పైపుల్లో యాసిడ్ మాత్రం పోయొద్దు, ఇత్తడి కుళాయిలు తినేస్తుంది, మిగిలింది ఒంటి మీద పడుతుంది.

కనిగిరి అబ్బాయి:
ఆదివారం మొత్తం దీనికే పెట్టాను. కింద పది లీటర్లకు 50 సెకన్లు, పైన 3 నిమిషాల 10 సెకన్లు. షవర్ గుండు విప్పాక పైన 2 నిమిషాల 40. అంటే గుండులో కొంత ఉంది గానీ అసలుది అక్కడ లేదు.

ట్యాంకు నుంచి రెండు లైన్లు దిగుతున్నాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు, పైమిద్దెకు వేరే గేట్ వాల్వ్ ఉంది. చక్రం తిప్పితే తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టడం లేదు. ట్యాంకు ఖాళీ చేసి, వేరే ప్లంబర్‌ను పిలిచి దాన్ని విప్పిస్తే, లోపల బిళ్ళ సగంలో నిలిచిపోయి, చుట్టూ ఉప్పుగల్లులాగా తెల్లగా గట్టిపడి ఉంది, నా చిటికెన వేలు కూడా దూరలేదు. దాన్ని చేతిలో పెట్టుకుని నాన్న చాలాసేపు చూశాడు. ట్యాంకు అడుగున రెండు వేళ్ల మందం బురద, అదీ కడిగేశాం. కొత్త బాల్ వాల్వ్, టెఫ్లాన్ టేపు, కూలీ అన్నీ కలిపి పన్నెండొందలు.

ఇప్పుడు పైన పది లీటర్లకు 1 నిమిషం 5 సెకన్లు. పాప ఈ రోజు షవర్ కింద నుంచి బయటికి రానంది.

గీజర్ నుంచి వచ్చే వేడినీళ్లు మాత్రం ఇంకా సన్నగానే ఉన్నాయి మేస్త్రీ, చన్నీళ్లు బాగున్నాయి.

ఒంగోలు మేస్త్రి:
వేడికి సున్నం తొందరగా పేరుకుంటుంది తమ్ముడూ. ముందు మెయిన్ స్విచ్ ఆపు, గీజర్ చల్లారనివ్వు, ఆ తర్వాత గీజర్ పైపుకు గోడ దగ్గరుండే చిన్న కుళాయి, యాంగిల్ కాక్ అంటారు, అది మూసేసి, గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే పైపు విప్పి అక్కడి వాల్వ్ చూడు. ఫోటో పెట్టు, చూసి చెబుతాను.